పిల్లికి బిచ్చం పెట్టిన వీధి

పిల్లికి బిచ్చం పెట్టనివాడని లోకంలో ఒక తిట్టు ఉంది. విజయనగరంలో గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఉన్న మా వీధికి ఆ తిట్టు ఇకమీదట వర్తించదని సవినయంగా మనవి చేస్తున్నాను. మొన్న వానరాత్రి మేం బిచ్చం పెట్టాం. పోటీలు పడి పెట్టాం. మూడు పిల్లికూనలు ఆ దాతృత్వాన్ని తట్టుకుని బతికి బయటపడ్డాయంటే అది వాటి పూర్వజన్మ సుకృతం.

కూనలు మా మెట్ల కింద సిమెంటు బస్తాల చాటున దొరికాయి. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. పిల్లుల మేత అమ్మే కొట్టు తెరిచేది మర్నాడు పదింటికి. ప్రభుత్వం పడిపోతే రాష్ట్రపతి పాలన పెట్టుకోవచ్చని రాజ్యాంగంలో ఉంది గానీ, ఈ పన్నెండున్నర గంటలూ పిల్లికూనకి ఏం పెట్టాలో ఏ అధికరణంలోనూ లేదు. ఆ లోటు పూడ్చడానికి వీధి వీధంతా మా అరుగు మీద కొలువుదీరింది.

మొదటి తీర్మానం పాలు. చర్చే అక్కర్లేకపోయింది. "ఓలమ్మ, డొక్కలు సూడండి ఎలగ అతుక్కుపోనాయో! బేగి పాలెట్టండి" అని ఎదురింటి మామ్మ ఆజ్ఞాపించింది. పక్కింటి పిన్ని ప్యాకెట్ పాలు కాచి, పసివాళ్ళు కదా అని పంచదార కూడా వేసి పళ్ళెంలో పోసింది. కూనలు కళ్ళు మూసుకుని తాగాయి. మేమూ కళ్ళు మూసుకునే పోశాం. సామెతలో పిల్లినొక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

పదకొండింటికి ఫలితాలు వెలువడ్డాయి. బుట్టలో పరిచింది దినపత్రిక సంపాదకీయం పేజీ. దాని మీద మూడు కూనలూ ఏకగ్రీవంగా తమ అభిప్రాయం ప్రకటించాయి. ఆ పేజీలో నా వ్యాసం కూడా ఉందన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

పాలు ఓడిపోగానే ప్రతిపక్షాలు పుంజుకున్నాయి. మామ్మ చోడి అంబలి తెచ్చింది. "మేం దీంతోనే పెరిగినాం. మాకేటయింది?" ఎనభై దాటిన మనిషి, నిజంగానే ఏమీ కాలేదు. వాదన గట్టిదే. ఒకాయన ఉప్పు నెత్తళ్ళు పట్టుకొచ్చాడు. మరొకావిడ మధ్యాహ్నం కోడికూరలో ముక్కని నాలుగుసార్లు కడిగి మరీ తెచ్చింది. ఇంతలో పిన్నికి గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్న మేనకోడలు గుర్తొచ్చింది. నిద్రపోతున్న పిల్లని లేపి, ఫోను స్పీకర్లో పెట్టాం.

ఆ అమ్మాయి ఏం పెట్టారని అడగలేదు. "ఒళ్ళు వెచ్చగా ఉందా అత్తా?" అంది.

అరుగంతా నిశ్శబ్దం. తడిసిన కూనల్ని అందరం చూశాం, ఒక్కరం తుడవలేదు. చల్లబడ్డ కూనకి ఏం పెట్టినా అరగదట. ముందు తుడిచి, వేణ్ణీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టాలట. సరైన సైజు సీసా ఒక్క రిటైర్డు కెమిస్ట్రీ మాస్టారింట్లోనే దొరికింది. అది దేని సీసా అని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"పళ్ళొచ్చాయా?" అంది తర్వాత. నా చూపుడువేలు వచ్చాయని రూఢిగా చెప్పింది. అయితే మెత్తటి తిండి తింటాయి. ఉప్పూ పసుపూ లేకుండా ఉడికించిన కోడిమాంసం చిదిమి పెట్టండి, లేదంటే ఉడికిన గుడ్డు, ఈ పూటకి చాలు అంది. కడిగిన కూరముక్క వద్దేవద్దంది. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడతాయి, కడిగినంత మాత్రాన ముక్కలో ఇంకిన రసం పోదు. ఇక కళ్ళు తెరవని కూనలైతే వాటి కోసమే చేసిన పాలపొడి కలిపి, రెండు మూడు గంటలకోసారి బోర్లా ఉంచి పట్టాలట. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. అప్పటికే ఒక కూనని ఒళ్ళో వెల్లకిలా వేసుకుని ఉగ్గుగిన్నె ఎత్తిన పిన్ని, గిన్నెని చల్లగా కొంగు చాటుకి లాక్కుంది.

"ఉప్పు నేకండానా? పగోడికి కూడా అలాటి కూడెట్టం" అని మామ్మ లేచిపోబోయింది.

మాస్టారు ఆపి టారిన్ అనే పోషకం గురించి పాఠం మొదలెట్టారు. 1827లో దాన్ని ఎద్దు పైత్యరసం నుంచి తీశారు, పేరు కూడా లాటిన్‌లో ఎద్దుదే. పిల్లి ఒంట్లో అది చాలినంత తయారవదు, మాంసంలోంచే రావాలి, అంబలిలోంచి రాదు. అది తక్కువైన కంపెనీ మేతలు తిన్న పిల్లులకి గుండెజబ్బు వస్తోందని 1987లో బయటపడింది. ఈ చివరి వాక్యం ఆయన అనకుండా ఉండాల్సింది. "అదీ! కంపినీవోలికే తెలీదు, నా అంబలికి వంకలెడతారు" అని మామ్మ మళ్ళీ కూచుంది.

ఫోను పెట్టేసే ముందు ఆ అమ్మాయి ఇంకోటి అడిగింది. "తల్లి వస్తుందేమో దూరంగా ఉండి కాసేపు చూశారా?" చూడలేదు. దానం చేసే తొందరలో అంత తీరికెక్కడిది? గోడ మీద ఒక బూడిదరంగు పిల్లి తొమ్మిదిన్నర నుంచీ కూచునే ఉంది, నిజమే. దొంగపిల్లని మామ్మ దాన్ని గొడుగుతో రెండుసార్లు అదిలించింది.

పన్నెండున్నరకి గుడ్డు ఉడికింది. కూనలు తిని, సీసాని కౌగిలించుకుని పడుకున్నాయి.

మర్నాడు పదిన్నరకి నేను మేత ప్యాకెట్టుతో వచ్చేసరికి బుట్టలో ఒక్కటే కూన ఉంది. నా కళ్ళముందే బూడిదరంగు పిల్లి దాన్ని కూడా మెడ దగ్గర కరుచుకుని గోడ దూకింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ ముట్టదని పిన్ని రాత్రంతా చెప్పిన శాస్త్రం దాని చెవిన పడలేదు కాబోలు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మాది ఎన్నో ఇల్లో గానీ, మా ఆతిథ్యం చూశాక మిగతావి లెక్కపెట్టుకోకుండా వెళ్ళిపోయి ఉంటుంది.

ప్యాకెట్టు మూల చింపేశాను గనక కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. మామ్మ మాత్రం గోడ మీద ఒక గిన్నె పెట్టి, రోజూ పొద్దున్నే నింపుతోంది. పాలు కాదు. అంబలి.