గేటు మీద వాక్యం, కూలి మాత్రం ఆదివారానికట!

ఇప్పుడే జరిగింది. కోపం ఇంకా దిగలేదు, అయినా రాస్తున్నా.

మా వీధిలో ఒకరింట్లో పొద్దున కొబ్బరి దింపు. ఎండ నెత్తికెక్కేదాకా దింపు ఆయన ఒక్కడే చెట్లెక్కాడు. దిగి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అరచేతులు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. "అయ్యగారూ, డబ్బులిప్పిస్తారాండి, సాయంత్రం పాపని డాక్టరుకి చూపించాలండి" అన్నాడు. ఇంటాయన ఫోనులోంచి తలెత్తకుండానే "ఆదివారం ఆరాధనయ్యాక కనబడు, చూద్దాం" అన్నాడు. ఆయన పక్కనే గేటు స్తంభానికి నల్ల గ్రానైటు పలక, బంగారు రంగు అక్షరాల్లో బైబిలు వాక్యం: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము."

నేను ఇవ్వబోతే దింపు ఆయన తీసుకోలేదు. "మీ చెట్లు ఎక్కలేదు కదండీ" అన్నాడు. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు.

ఆ ఫోనులోంచే రోజూ తెల్లారి అయిదింటికి మా సంఘం గ్రూపులో వాక్యం వస్తుంది. మీ సంఘంలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు, నాకు తెలుసు.

వాక్యాన్ని ద్వారబంధాల మీద రాయమని దేవుడే చెప్పాడుగా అంటారు. చెప్పాడు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం, 9వ వచనం. మరి 6వ వచనం ఎవరు చదవాలి? "ఈ మాటలు నీ హృదయములో ఉండవలెను." ముందు గుండె, తరవాతే గడప. అదే పుస్తకం 24వ అధ్యాయంలో ఏనాటి కూలి ఆనాడే ఇవ్వాలని, పొద్దు గూకకముందే ఇవ్వాలని ఉంది. వాడు బీదవాడు, దానిమీదే ఆశపెట్టుకొని ఉంటాడని కారణం కూడా చెప్పాడు దేవుడు. ఈ వచనం ఏ గేటు మీదైనా చూశారా? నేను రాజోలు నుంచి నర్సాపురం దాకా తిరిగినదాన్ని, ఎక్కడా చూడలేదు.

వాగ్దానాల సంగతీ అంతే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని వాగ్దానమని ఒక వాక్యం అచ్చేసిన కార్డు తీసుకుంటాం, ఫ్రేము కట్టించి టీవీ పైన పెడతాం. అందరికీ యిర్మీయా 29:11 కావాలి, మీకు మేలే తలపెట్టానని దేవుడు చెప్పే మాట. దాని పైనున్న 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకి రాసిన ఉత్తరం అది. డెబ్బై ఏళ్లు ఓర్చుకోమన్న మాటను మనం కొత్త కారు పక్కన నిలబడి దిగిన ఫోటో కింద పెట్టుకుంటున్నాం!

ఈ జబ్బు సండే స్కూల్లోనే మొదలవుతుంది, ఇన్నేళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు. మా చెల్లికి చిన్నప్పుడు నత్తి. కంఠత వాక్యాల పోటీలో 23వ కీర్తన చెబుతూ "గాఢాంధకారపు లోయలో" దగ్గర ఆగింది. మర్చిపోయి కాదు, మాట రాక. గంట కొట్టేశారు. ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పిన పిల్లాడికి స్టీలు క్యారేజీ ఇచ్చారు. "పచ్చికగల చోట్లను" అంటే ఏంటో వాడిని ఎవరూ అడగలేదు. నానమ్మ మంచాన పడ్డ రోజుల్లో పక్కన కూర్చుని ఆ కీర్తన ఆగి ఆగి చెప్పింది మా చెల్లే. నానమ్మ పెదాలు కదుపుతూ కూడా చెప్పేది.

నానమ్మకి అక్షరం రాదు. ఊడ్పుల్లో పక్కవాళ్లు చెబుతుంటే విని నేర్చుకుంది. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి నర్సాపురం వైపు పని మొదలుపెట్టిన రోజుల్లో ఈ డెల్టాలో వాక్యం విన్నవాళ్లలో ఎంతమందికి చదువొచ్చు? చెవిన పడ్డది మనసులో పెట్టుకున్నారు, బతికారు. అలాంటి మా నానమ్మని సంఘంలో సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, చెప్పనివ్వలేదు, "చదువు రాదు కదమ్మా, తప్పులు పోతాయి" అన్నారు. ఎవరి తప్పులు లెక్కపెడుతున్నారండీ మీరు?

అప్పజెప్పడమే గొప్పయితే అరణ్యంలో యేసయ్యని శోధించిన సాతానుకి కూడా 91వ కీర్తన కంఠతా వచ్చు. మత్తయి 4లో చూసుకోండి. యేసయ్య మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచే జవాబిచ్చాడు, చేతిలో గ్రంథపు చుట్ట లేకుండా, నలభై రోజుల ఆకలి మీద. వాక్యం గుర్తుండటమంటే నాకు అదీ. కావలసిన నిమిషానికి గుర్తు రావాలి. జేబులోంచి డబ్బు తీసే నిమిషానికి, పనిమనిషి మీద అరవబోయే నిమిషానికి, గట్టు జరిపి పక్కవాడి చేను అడుగు కలుపుకునే నిమిషానికి. "నీ యెదుట నేను పాపము చేయకుండునట్లు నా హృదయములో నీ వాక్యము ఉంచుకొనియున్నాను" అన్నాడు కీర్తనకారుడు. ఎందుకు ఉంచుకున్నాడో అందులోనే ఉంది.

సంఘపెద్దలకు నా విన్నపం. ఈసారి వాగ్దానాల పెట్టెలో యాకోబు 5:4 కూడా ఒక కార్డు మీద అచ్చువేయించి కలపండి. "మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." అది వచ్చినవాళ్లు కూడా ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టుకోవాలి, ఏడాదంతా.