ఇబిజా ఫార్వర్డ్ పంపుతున్నవాళ్లందరికీ ఒక దండం

మళ్లీ వచ్చింది. మొన్న ఆఫీసు గ్రూపులో, నిన్న మా బావమరిది, ఇవాళ ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో. "బంజరు దీవి ప్రపంచ పార్టీ రాజధాని ఎలా అయింది? ప్రతి తెలుగువాడూ చదవాల్సిన సక్సెస్ స్టోరీ" అని మొదలై, మధ్యలో ఇబిజా (స్పెయిన్ వాళ్ల దీవి) అనే పేరు వెనకున్న దేవుడు, అయస్కాంతపు కొండ, దీవిని కనిపెట్టిన నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్లు, డ్రగ్స్‌కి ఓపెన్‌గా పర్మిషన్ ఇచ్చిన తెలివైన గవర్నమెంటు, చివర్లో దీవిలో ఇప్పుడు పేదవాడే లేడు కాబట్టి మన వైజాగ్ బీచ్‌లో కూడా ఇదే మోడల్ పెట్టాలి అని ఒక పిలుపు, కింద వరసగా చప్పట్లు. ఎన్నిసార్లు చూసీ చూడనట్టు వదిలేస్తాం, ఇంక నా వల్ల కాదు.

ముందు దేవుడి సంగతి. "ఇది నాట్య దేవుడి పేరు మీద వెలిసిన దీవి, 2,700 ఏళ్లుగా అక్కడ పార్టీయే". మొదటి సగం దాదాపు నిజమే, ఒప్పుకుంటున్నా. క్రీస్తుపూర్వం 654 ప్రాంతంలో ఫినీషియన్లు (పాతకాలపు సముద్ర వర్తకులు) అక్కడ ఊరు కట్టినప్పుడు బెస్ అనే పొట్టి దేవుడి పేరు పెట్టారని చాలామంది పండితుల మాట, ఆయనకి పాటా ఆటా అంటే ఇష్టమే, అప్పటి నాణేల మీద ఆయన బొమ్మ కూడా ఉంది. కానీ 2,700 ఏళ్లుగా పార్టీ ఎక్కడిది నాయనా? ఆ జనం ఉప్పు పండించారు, చేపలు పట్టారు, అంజూరలూ బాదంలూ పెంచారు, సముద్రపు దొంగలు ఎప్పుడొచ్చి మీద పడతారో అని చర్చిలనే కోటల్లాగా మందపాటి గోడలతో కట్టుకుని లోపల దాక్కున్నారు. పార్టీ మూడ్ మామూలుగా లేదు.

ఇబిజా పక్కనే సముద్రంలో ఉన్న ఎస్ వెద్రా కొండ "భూమ్మీద మూడో అతిపెద్ద అయస్కాంత కేంద్రం" అట. అది సున్నపురాయి. అయిపోయింది. నోస్ట్రడామస్ "ప్రళయం వచ్చాక మిగిలేది ఇబిజా ఒక్కటే" అని రాశాడట, రాయలేదు, తర్వాత. "గోవా వాళ్లు ఇబిజాని కాపీ కొట్టారు" అట, హిప్పీల్లో చాలామంది ఎండాకాలం ఇబిజాలో, చలికాలం గోవాలో ఉండేవాళ్లు, జనమే ఒకటైతే ఇంక కాపీ ఏంటి.

ఇప్పుడు "1987లో నలుగురు ఇంగ్లీషు డీజేలు ఎవరికీ తెలియని ఈ దీవిని కనిపెట్టారు" అనే ముక్క. పాల్ ఓకెన్‌ఫోల్డ్, డానీ రాంప్లింగ్, నికీ హాలోవే, జానీ వాకర్, ఓకెన్‌ఫోల్డ్ పుట్టినరోజుకి సరదాగా వెళ్లారు. విమానంలోనే వెళ్లారు, అంటే కనిపెట్టకముందే ఎయిర్‌పోర్టు ఉంది! 1958లో మామూలు జనాల విమానాలకి తెరిచారు, 1966కి విదేశీ ఫ్లైట్లు మొదలయ్యాయి, అప్పట్లో స్పెయిన్‌ని ఏలిన ఫ్రాంకో నియంత అయితే అయ్యాడు గానీ ఆయన గవర్నమెంటుకి డాలర్లు, పౌండ్లు కావాల్సొచ్చి టూరిస్టులకి తలుపులు బార్లా తెరిచింది, చార్టర్ ఫ్లైట్లలో ప్యాకేజీ జనం దిగారు, వాళ్లకోసం హోటళ్లు లేచాయి. అంతకుముందే, 1930ల్లోనే, జర్మన్ రచయిత వాల్టర్ బెంజమిన్ లాంటివాళ్లు చవగ్గా బతకొచ్చని వచ్చి ఉన్నారు, అరవైల్లో బీట్నిక్‌లు, వియత్నాం యుద్ధానికి పోవడం ఇష్టంలేని అమెరికా కుర్రాళ్లు వచ్చారు. పాచా క్లబ్బు 1973లో పెట్టారు, ఆమ్నీసియా క్లబ్బు 1976లో, కాఫే డెల్ మార్ బారు 1980లో. అదే 1987 మే నెలలో, ఈ నలుగురూ దిగడానికి మూడు నెలల ముందు, కూ అనే క్లబ్బులో క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, ఒపేరా గాయని మోంత్సెరాత్ కబాయే కలిసి పాడారు. ఎవరికీ తెలియని దీవిలో!

అసలు ఆ నలుగురూ మతిపోయి చూసింది ఎవరినో మెసేజ్‌లో పేరు కూడా లేదు, నా కోపం అదీ. ఆల్ఫ్రెడో ఫియోరీతో, అర్జెంటీనా మనిషి, రొసారియోలో జర్నలిస్టు, మిలిటరీ పాలన వచ్చాక 1976లో దేశం వదిలి వచ్చేశాడు. 1984లో ఆమ్నీసియాలో డీజేగా చేరితే మొదట్లో పురుగు కూడా రాలేదట. ఒకరోజు తెల్లారుజామున డబ్బులిస్తారని ఎదురుచూస్తూ ఉంటే, తోటి స్టాఫ్ ఊరికే పాటలు వెయ్యమన్నారు, వేశాడు, కూ నుంచి ఇళ్లకి పోతున్నవాళ్లు రోడ్డు మీద ఆ పాటలు విని లోపలికొచ్చి డాన్స్ మొదలెట్టారు, మర్నాడు ఇంకొంతమంది, ఆ తర్వాత ఇంకా. అతనే చెప్పిన కథ ఇది. రాక్, రెగె, ఇటలీ డిస్కో, షికాగో హౌస్, చేతికి ఏ రికార్డు దొరికితే అది, పైన కప్పు లేదు, సూర్యుడు ఎక్కేదాకా. ఇంగ్లీషు వాళ్లు దాన్ని లండన్ తీసుకెళ్లి బాలియారిక్ బీట్ (ఇబిజా ఉన్న దీవుల గుంపు పేరు అది) అన్నారు. వాళ్లు ఇంగ్లండ్‌ని మార్చారు, అది నిజం, 1988లో అక్కడి క్లబ్బుల్లో, పార్టీల్లో జరిగిన గోలంతా ఆ ట్రిప్పు పుణ్యమే. ఇబిజాని మాత్రం వాళ్లు పుట్టించలేదు.

సరే, అసలు విషం ఇక్కడుంది. "గవర్నమెంటు డ్రగ్స్‌కి పర్మిషన్ ఇచ్చింది, పోలీసులు ముట్టుకోరు, అందుకే డబ్బు వచ్చింది." యూరప్‌లో ఎమ్మెస్ చేస్తున్న పిల్లలున్న గ్రూపుల్లో ఇది తిరుగుతోంది, సెలవుల్లో చవక ఫ్లైట్ పట్టుకుని వెళ్లేది వాళ్లే. బాబూ, ఆమ్నీసియా మొదలుపెట్టిన ఆంటోనియో ఎస్కోహోతాదో అనే ఫిలాసఫీ పంతులుగారు ఉండేవారు, ఆయన్నే 1983లో డ్రగ్స్ కేసులో పట్టుకున్నారు, నన్ను ఇరికించారు అని మొత్తుకున్నా ఎనభైల చివర్లో ఏడాది పాటు క్వెంకా జైల్లో ఉన్నాడు. క్లబ్బు పెట్టినవాడికే దిక్కులేదు, నీకు పర్మిషనా? 2007లో ఆమ్నీసియా, డీసీ టెన్, బోరా బోరా, ఈ క్లబ్బులు లోపల డ్రగ్స్ వాడుతుంటే ఊరుకున్నాయని సీజన్ మధ్యలో నెల రోజులు మూయించారు, సీజన్ మధ్యలో ఒక నెల అంటే ఎంత దెబ్బో లెక్కేసుకోండి. స్పెయిన్ 2015 చట్టం ప్రకారం వీధిలో నీ జేబులో చిన్న పొట్లం దొరికినా ఫైను 601 యూరోల నుంచి మొదలు, 30,000 దాకా పోతుంది. 601 అంటే మన డబ్బుల్లో అర లక్ష పైనే. అమ్మితే ఫైన్లు ఉండవు, జైలే. ఇదంతా కట్టి, తర్వాత వీసా రెన్యువల్ ఆఫీసులో కూర్చుని "వాట్సాప్‌లో ఓకే అన్నారండీ" అని చెప్పుకోండి, పాపం అనుకుంటారేమో.

అంటే డ్రగ్స్‌కి ఈ కథతో సంబంధమే లేదా అంటే, ఉంది. అబద్ధం ఎందుకు, ఎక్స్‌టసీ లేకపోతే 1987 వేసవి అలా ఉండేది కాదు, ఆ నలుగురూ దాన్ని దాచలేదు కూడా. ఉండటం వేరు, గవర్నమెంటు పిలిచి పెట్టడం వేరు, ఈ తేడా తెలియనివాళ్లు పాలసీ సలహాలు ఇస్తున్నారు. గవర్నమెంటు చేసిందల్లా తర్వాత్తర్వాత బిగించడమే. తొంభైల మొదట్లో చప్పుడు గోల భరించలేక ఓపెన్ క్లబ్బులకి కప్పులు వేయించారు. 2020లో ఇబిజాలోని శాన్ ఆంటోనియో ఊళ్లో బారు నుంచి బారుకి తిరిగే తాగుబోతు గుంపుల పబ్ క్రాల్‌లు, హ్యాపీ అవర్‌లు బంద్, రాత్రి తొమ్మిదిన్నర దాటితే షాపుల్లో మందు అమ్మకూడదు.

చివరిది, "దీవిలో పేదవాడే లేడు". సముద్రం పక్కన పంట పండని నేల పనికిరాదని పెద్దకొడుకుకి ఇవ్వకుండా చిన్నవాళ్లకీ ఆడపిల్లలకీ పడేసేవాళ్లని, తర్వాత హోటళ్లొచ్చి వాళ్లే కోటీశ్వరులయ్యారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కాబట్టి కొందరు అయ్యారు, బానే అయ్యారు. మిగతావాళ్ల సంగతి చూడండి. సీజన్ మే నుంచి అక్టోబరు దాకా, క్లోజింగ్ పార్టీలు అయిపోయాక చాలా షాపులకి షట్టర్లే. అద్దెలు ఎంత పెరిగాయంటే పక్క దీవి మల్లోర్కా నుంచి ఫ్లైటెక్కి వచ్చి పాఠాలు చెప్పే టీచర్లున్నారు. హోటళ్లలో పనిచేసేవాళ్లకి గది దొరక్క వ్యాన్లలో, టెంట్లలో ఉంటున్నారు, 2024 వేసవిలో ఒక ప్రైవేటు స్థలంలో అలా ఉంటున్నవాళ్లని కోర్టు ఆర్డరుతో ఖాళీ చేయించారు కూడా, వాళ్లలో చాలామంది పొద్దున లేచి డ్యూటీకి పోయేవాళ్లే. పేదవాడే లేని ఆ లిస్టులో వ్యాన్‌లో పడుకునే వెయిటర్‌ని ఏ వరసలో రాయాలో మెసేజ్ రాసినాయన కాస్త చెప్తే, ఈసారి నేనే ఫార్వర్డ్ చేస్తా.