నడుం ఊపడానికి మోకాళ్లెందుకు?

హవాయి వెళ్లొచ్చినవాళ్లకు అక్కడి నృత్యం హులా గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. లూఆవు విందులో పంది మాంసానికీ పైనాపిల్ ముక్కలకీ మధ్య పావుగంట దొరుకుతుంది. దాని అందమూ అర్థమూ అక్కడే తేలిపోతాయి: గడ్డి లంగా, ఎదకు కొబ్బరి చిప్పలు, ఊగే నడుం. ఇంత తేలికైన విద్యను అక్కడి హాలావ్‌లలో, అంటే హులా బడుల్లో, ఏళ్ల తరబడి ఎందుకు సాగదీస్తున్నారో విచారణ జరగాల్సిందే.

గడ్డి లంగా గిల్బర్ట్ దీవుల నుంచి వచ్చిందనీ, హవాయి వాళ్లది చెట్టు బెరడు చితక్కొట్టి చేసిన కపా గుడ్డ అనీ కొందరి గోల. ఫొటోలో ఏది బాగా పడితే అదే సంప్రదాయం. 1937లో హవాయిలోని వైకీకీలో ఫొటో ఫిల్ముల కొడాక్ వారి హులా షో పుట్టిందే అందుకు. రాత్రి విందుల్లోని ఆట కెమెరాకి చిక్కేది కాదు, దాంతో ఆటనే పగటికి జరిపారు.

ఇక అడుగులు. కాహోలో అంటే కుడికాలు కుడికి, ఎడమకాలు దాని పక్కకి, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. నాలుగు లెక్కలు, అయ్యాక వెనక్కి. ఇంతేనా అనుకుంటాం. చిక్కంతా మోకాళ్ల దగ్గర. అవి మొదటి నుంచి చివరిదాకా వంగే ఉండాలట. బరువు ఒక కాలి మీంచి రెండో కాలికి మారితే నడుం తనంతట తనే ఊగుతుందట, దాన్ని ఎవరూ ఊపరట! మోకాళ్లు బిగబట్టి ఊపితే తల నీళ్లలో బెండులా పైకీ కిందికీ పోతుంది. అడుగు బారెడు వేస్తే ఒళ్లు ఒరిగిపోతుంది. మన కూచిపూడి పిల్లల అరమండి బాధే అక్కడా ఉందన్నమాట. ఉవేహె మరీ అన్యాయం: అడుగేసి మడమలు రెండూ టక్కున లేపాలి, మోకాళ్లు విచ్చుకోవాలి, భుజాలు మాత్రం చలించకూడదు. నడుం గిరగిరా తిరగడమే కావాలంటే తహితి దీవి వాళ్ల ఒతేఆ ఆట ఉంది. విందులో అదీ హులా కిందే చెల్లుతుంది లెండి.

వాద్యం ఇపు హెకె: ఒకదానిమీద ఒకటి అతికించిన రెండు సొరకాయ బుర్రలు. చాప మీద దబ్బున వేస్తే ‘ఊ’, వేళ్లతో చరిస్తే ‘తే’. ఊ, తే తే. అయితే వాళ్ల లెక్కలో అసలుది పాట. పాటలో అల వస్తే చెయ్యి అలవుతుంది, లెహువా పువ్వొస్తే పువ్వవుతుంది, చూపు ఆ చేతి వెంటే పోతుంది. చూసేవాళ్ల చూపు ఎటు పోవాలో మాత్రం ఎవరూ నేర్పినట్టు లేదు.

1830లో కాఅహుమాను రాణి బహిరంగ హులాను నిషేధించింది. 1883లో కలాకావా రాజు తన పట్టాభిషేకంలో దర్జాగా ఆడించాడు. ఆ హులా పాటల జాబితా అచ్చేసినందుకు అశ్లీలమంటూ కేసు పడింది. గమనించారా, కేసు నడుం మీద కాదు, మాటల మీద! హులాకు అర్థం ఉందని కోర్టుకెక్కి మరీ ఒప్పుకున్నది దాన్ని గిట్టనివాళ్లే.

ఆ రాజు ముద్దుపేరుతోనే ఏటా ఈస్టర్ తర్వాత వారం హవాయిలోని హీలోలో మెర్రీ మోనార్క్ హులా పోటీలు జరుగుతాయి. అడుగుకూ చేతికీ కట్టుకూ మార్కులున్నాయి. కొబ్బరి చిప్పలకు గడే లేదు. విందు నిర్వాహకులు వెంటనే అభ్యంతరం దాఖలు చేసుకోవాలి.