పాత పాటలో ఏం తీసేయాలి?

1987 ఆగస్టులో, అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ మరణించి పదేళ్లయిన సందర్భంగా, బ్రిటన్‌లోని ఐటీవీ ఛానల్ ఒక ప్రత్యేక కార్యక్రమం ప్రసారం చేసింది. అప్పటి గాయకులు ఎల్విస్ పాటలను తమ పద్ధతిలో పాడి ఆయనకు నివాళి అర్పించాలన్నది ఏర్పాటు. పెట్ షాప్ బాయ్స్ అనే ఇద్దరు సభ్యుల బృందం ‘ఆల్వేస్ ఆన్ మై మైండ్’ పాటను ఎంచుకుంది. నీల్ టెనంట్‌ది ఏ భావాన్నీ పైకి తేలనివ్వని గొంతు. క్రిస్ లో కీబోర్డుల వెనుక నిలబడి కదలకుండా వాయించే మనిషి. ఎల్విస్ పాటలోని నెమ్మదైన నడక, తీగ వాద్యాల ఉప్పెన, కోరస్ ఆసరా అన్నీ పోయి, వాటి చోట సింథసైజర్లు (విద్యుత్తుతో శబ్దాన్ని పుట్టించే వాద్యాలు), డ్రమ్ మెషిన్, నాట్యశాలకు తగిన వేగం వచ్చాయి. ప్రేక్షకుల స్పందన చూసి ఆ ఏడాది చివర్లో దాన్ని సింగిల్‌గా, అంటే ఒక ముఖ్య పాటతో వచ్చే చిన్న రికార్డుగా, విడుదల చేస్తే, క్రిస్మస్ వారంలో బ్రిటిష్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. 2014లో బీబీసీ నిర్వహించిన ఓటింగులో, ఒకరి పాటను మరొకరు తిరిగి పాడినవాటన్నిటిలోకీ మేటిగా శ్రోతలు దీన్నే ఎన్నుకున్నారు.

చెప్పడానికి ఇదంతా అపచారంలాగే ఉంటుంది. కన్నీళ్ల పాటను తీసుకుని చిందుల పాట చేశారంటే మన దగ్గరైతే ముందు చానళ్లలో చర్చ మొదలవుతుంది. అయినా శ్రోతల్లో చాలామంది దీన్ని ఎందుకు ఆదరించారో అర్థం కావాలంటే పాటలో ఏముందో చూడాలి. ఒక మగవాడు తనను విడిచి వెళ్లిన, లేదా వెళ్లబోతున్న మనిషితో మాట్లాడుతున్నాడు. చూపాల్సినంత ప్రేమ చూపలేదని, చెప్పాల్సిన చిన్న చిన్న మాటలు చెప్పలేదని, చేయాల్సిన పనులు చేయలేదని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న ప్రతిసారీ, నా మనసులో మాత్రం ఎప్పుడూ నువ్వే ఉన్నావంటాడు. ఎల్విస్ దీన్ని రికార్డు చేసింది 1972 మార్చిలో, భార్య ప్రిసిల్లా వేరుపడిన కొద్ది వారాలకే. అందుకే ఆయన గొంతులో శ్రోతలు పశ్చాత్తాపాన్నే విన్నారు.

టెనంట్ ఆ పశ్చాత్తాపాన్ని గొంతులోంచి తీసేశాడు. మాటలు పెద్దగా మార్చలేదు, బాణీని వంచలేదు. బతిమాలడం మాత్రం మానేశాడు. దాంతో అప్పటిదాకా కన్నీళ్ల మాటున దాగిన విషయం ఒకటి బయటపడింది. ఈ పాటలోని మనిషి క్షమాపణ అడగడం లేదు, సాకు చెబుతున్నాడు. ఏమీ చేయకుండా ‘మనసులో మాత్రం నువ్వే’ అనడం ఎంత పాత సాకో తెలుగు ఇళ్లలో భార్యలను అడిగితే చెబుతారు. ఆ అర్థం పెట్ షాప్ బాయ్స్ బయటినుంచి తెచ్చి అతికించింది కాదు, సాహిత్యంలో మొదటినుంచీ ఉన్నదే. ఇంకో పని కూడా వాళ్లు చేశారు. పల్లవి చివర బాణీ ఇల్లు చేరే చోట, అంటే సంగీతం ఆధార స్వరం మీద వచ్చి విశ్రమించే చోట, అదనంగా రెండు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) చేర్చి ఆ చేరికను కాస్త ఆలస్యం చేశారు. మూలంలో వాక్యం నేరుగా గడప దాటి లోపలికి వస్తుంది. వీళ్ల పాటలో గడప దగ్గర ఒక క్షణం తటపటాయించి, చీకటి వైపు ఒకసారి చూసి అప్పుడు లోపలికి వస్తుంది. పాటంతటికీ స్వరరచనలో చేసిన పెద్ద మార్పు అదొక్కటే.

ఇంతకీ ఏది మూలం? ఎల్విస్ కంటే ముందే 1972లో గ్వెన్ మెక్రే, బ్రెండా లీ ఇదే పాటను విడుదల చేశారు. ఎల్విస్‌ది వచ్చింది మరో పాట రికార్డుకు రెండో వైపున. 1982లో విల్లీ నెల్సన్ పాడాక గాని ఈ పాట రాసిన వేన్ కార్సన్, జానీ క్రిస్టఫర్, మార్క్ జేమ్స్‌లకు గ్రామీ రాలేదు. అంటే మనం ‘మూలం’ అని కళ్లకద్దుకునేది చాలాసార్లు మన చెవిన మొదట పడినదే. పాట వేరు, దాని ఒకానొక రికార్డింగు వేరు అన్న ఎరుక లేకుండా గౌరవం గురించి మాట్లాడటం మొదలుపెడితే, మన చిన్ననాటి రేడియోను కాపాడుకుంటూ పాటను కాపాడుతున్నామని భ్రమపడతాం.

ఈ తేడా తెలుగులో మరింత చెరిగిపోయింది. పాత రికార్డింగులోని గొంతును, వాద్యాలను అలాగే తీసుకుని కొత్తగా కలిపితే అది రీమిక్స్. బాణీని, సాహిత్యాన్ని తీసుకుని మళ్లీ మొదటినుంచి పాడి వాయిస్తే అది కవర్. మన సినిమాల్లో రీమిక్స్ అని పిలిచేవన్నీ దాదాపు రెండో రకమే. 1977 నాటి ‘యమగోల’ పాట 2007లో ‘యమదొంగ’లోకి, 1992 నాటి ‘ఘరానా మొగుడు’ పాట 2009లో ‘మగధీర’లోకి, 1991 నాటి ‘గ్యాంగ్ లీడర్’ పాట 2012లో ‘రచ్చ’లోకి, 1990 నాటి ‘కొండవీటి దొంగ’ పాట 2013లో ‘నాయక్’లోకి వచ్చాయి. తాత పాటకు మనవడు, తండ్రి పాటకు కొడుకు ఆడారు. ఇక్కడి గౌరవం వారసత్వానికి దక్కింది, పాటకు కాదు. అభిమాని ఈల వేయాల్సింది పల్లవి ఎత్తుకోగానే గనుక పల్లవిని పెద్దగా కదపరు. మిగిలిన చోటంతా బీట్ పెంచి, కేకలు చేర్చి, ర్యాప్ దూర్చి నింపుతారు. వీటిలో ‘మగధీర’ పాటను కొంచెం వేరుగా చూడాలి. అసలు బాణీ కట్టిన కీరవాణే దాన్ని మళ్లీ చేశారు. తన ఇంటి గోడల్లో ఏది బరువు మోస్తుందో కట్టిన మేస్త్రీకి తెలిసినట్టు, అందులో ఏది కదపవచ్చో ఆయనకు తెలుసు.

చేర్చడమే గౌరవమనుకునే అలవాటుకు ఎదురు ఉదాహరణగా నాకు 1981 నాటి సాఫ్ట్ సెల్ బృందం తోస్తుంది. గ్లోరియా జోన్స్ 1960ల మధ్యలో పాడిన ‘టెయింటెడ్ లవ్’ అమెరికాలో ఎవరికీ పట్టని రికార్డు. ఏళ్ల తర్వాత ఉత్తర ఇంగ్లండ్ నాట్యశాలల్లో, మరుగునపడ్డ నల్లజాతి సోల్ పాటలను వెతికి తెచ్చి ఆడే యువకుల మధ్య అది మళ్లీ ప్రాణం పోసుకుంది. మూలం పరుగెత్తే పాట. డప్పులూ ఇత్తడి వాద్యాలూ తరుముతుంటాయి. మార్క్ ఆల్మండ్, డేవ్ బాల్ దాన్ని నెమ్మదింపజేసి, శ్రుతిని ఆల్మండ్ గొంతుకు తగ్గట్టు దించి, వాద్యబృందం మొత్తాన్నీ తీసేసి, ఆ ఖాళీలో కొద్దిపాటి సింథసైజర్లను, రెండు ఎలక్ట్రానిక్ చుక్కల శబ్దాన్ని మాత్రం వదిలారు. అలా ఖాళీ చేసిన గదిలో ఆల్మండ్ గొంతు ఒంటరిదైపోయింది. జోన్స్ పాటలో పారిపోతున్న మనిషి వినిపిస్తుంది. ఇక్కడ పారిపోవాలనుకుంటూనే కదల్లేని మనిషి వినిపిస్తాడు. అమెరికా ప్రధాన చార్టులో ఈ పాట 43 వారాలు నిలిచింది, అప్పటికి అదొక రికార్డు. ఆ సింగిల్ రెండో వైపున కూడా వాళ్లు మరొకరి పాటనే పెట్టడంతో, అంత అమ్మకానికీ రచయితల వాటా కింద వాళ్లకు దక్కింది సున్నా. గౌరవానికి కట్టిన సుంకం అనుకోవాలి.

సింథసైజర్ వాడితే పాట చల్లబడుతుందన్న ఫిర్యాదు పాతదే. నా దృష్టిలో తప్పు వాద్యానిది కాదు, అది ఇచ్చే సౌలభ్యానిది. 1968లో వెండీ కార్లోస్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాఖ్ రచనలను మూగ్ సింథసైజర్ మీద వాయించి ఆల్బమ్ చేసిన రోజుల్లో ఆ వాద్యం ఒకసారికి ఒక్క స్వరమే పలికేది, శ్రుతి నిలిచేది కాదు. ఒక్కో వరుసను విడిగా టేపు మీద రికార్డు చేస్తూ, మాటిమాటికీ శ్రుతి సరిచేసుకుంటూ, పొర మీద పొర పేర్చాల్సి వచ్చింది. ప్రతి స్వరమూ ఎలా మొదలవాలి, ఎంతసేపట్లో ఆరిపోవాలి, ఎంత వెలుగుతో మోగాలి అన్నది విడివిడిగా నిర్ణయించక తప్పని స్థితి అది. ఇప్పుడు ఒక మీట నొక్కితే వందల తయారు శబ్దాలు వస్తాయి. నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే పోయింది. పేలవమైన రీమిక్స్‌లో వినిపించేది ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోని శబ్దం.

తెలుగు పాట విషయంలో ఈ నిర్ణయాలు ఇంకా కఠినమైనవి. పాశ్చాత్య పాప్ బాణీ చాలావరకు మెట్లు మెట్లుగా నడుస్తుంది గనుక కీబోర్డు మీద పెద్దగా నష్టపోదు. మన బాణీ మెట్ల మధ్య ఉంటుంది. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కట్టగా ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ని ఎవరైనా సింథసైజర్ మీదికి తేవాలనుకున్నారనుకుందాం. దర్బారీ ప్రాణమంతా ఊగే గాంధారంలో, అంటే ‘గ’ స్వరంలో, ఉంది. ఆ గాంధారాన్ని కీబోర్డు మీట నొక్కి నిటారుగా నిలబెడితే స్వరం ఉంటుంది, రాగం ఉండదు. దాన్ని పలికించాలంటే కీబోర్డు పక్కనుండే, శ్రుతిని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రాన్ని వైణికుడు తీగను లాగినంత ఓపికగా తిప్పాలి, లేదా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే వేగాన్ని ఒక్కో చోట ఒక్కో రకంగా అమర్చుకోవాలి. అది చేతకాకపోతే గాంధారాన్ని గాయకుడికే వదిలేసి, సింథసైజర్‌ను షడ్జ పంచమాల మీద కదలకుండా తంబురాలా ఉంచడం మేలు. ఇక్కడ కూడా తీసేయడమే దారి.

లయకు సంబంధించిన చిక్కు ఇంకొకటి ఉంది. ఆ కాలపు రికార్డింగుల్లో గాయకుడు, వాద్యబృందం ఒకే గదిలో ఒకరినొకరు వింటూ పాడి వాయించేవారు. కాలం గడియారంలా కాక ఊపిరిలా నడిచేది, చరణం చివర కాస్త నిదానించి పల్లవి దగ్గర మళ్లీ అందుకునేది. ఆ గొంతును కంప్యూటర్ గళ్లలో ఇరికించడానికి అక్కడక్కడా సాగదీసి, అక్కడక్కడా నొక్కితే, వినేవాడికి తప్పెక్కడుందో తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. బీట్‌నే గొంతు వెంట నడిపించడం సాధ్యమే, సాఫ్ట్‌వేర్ అందుకు వీలిస్తుంది. రోజుల తరబడి కూర్చోవాలి, అంతే.

ఇక అనుమతి సంగతి. మన కాపీరైట్ చట్టం పాత సెక్షన్ 52 కింద, తొలి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక రెండేళ్లకే ఎవరైనా నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి ‘వెర్షన్ రికార్డింగ్’ చేసుకునే వీలుండేది. 2012 సవరణ దాని స్థానంలో సెక్షన్ 31సీని తెచ్చింది. గడువు ఐదేళ్లయింది, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ తప్పనిసరి అయింది. సాంకేతికంగా తప్పని మార్పు తప్ప సాహిత్యంలో గాని సంగీతంలో గాని మార్పు చేయాలంటే హక్కుదారు సమ్మతి కావాలి. రచయితకు న్యాయం చేసే నిబంధనే ఇది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ దీని కొలతలో పెట్ షాప్ బాయ్స్ చేర్చిన ఆ రెండు కార్డులు సమ్మతి లేకుండా చెల్లవు, మూలాన్ని మక్కీకి మక్కీగా అనుకరించే ప్రాణంలేని నకలు నిక్షేపంగా చెల్లుతుంది. చట్టం కొలవగలిగింది మార్పు పరిమాణాన్నే. ఆ మార్పు పాటను అర్థం చేసుకుని చేసిందా లేదా అన్నది శ్రోత చెవికి వదిలేసిన విషయం.

గొంతు దగ్గరికి వచ్చేసరికి నా ఉదారత ఆగిపోతుంది. 2024 జనవరిలో ఏఆర్ రెహమాన్ ఒక తమిళ చిత్రం కోసం దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను కృత్రిమ మేధతో వినిపించినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ఆయనే ప్రకటించారు. తర్వాతి నెలలోనే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా అలా సృష్టించారంటూ ఆయన కుటుంబం ఒక తెలుగు చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపిన సంగతి వెలుగుచూసింది. బాణీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారడానికే పుట్టింది. గొంతు అలా కాదు, అది ఒక మనిషి.

అయినా అడగకుండా చేసిన పని ఒకటి మంచిగా ముగిసిన ఉదంతం ఉంది. సుజాన్ వేగా 1987లో ‘టామ్స్ డైనర్’ను ఏ వాద్యమూ లేకుండా ఒట్టి గొంతుతో పాడారు. న్యూయార్క్‌లో ఒక హోటల్ బల్ల దగ్గర కాఫీ తాగుతూ చుట్టూ చూసే మనిషి పాట అది. ఆ గొంతు ఎంత నిరాడంబరమంటే, ఎంపీ3ని రూపొందించిన శాస్త్రవేత్తల్లో ఒకరైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, తమ కుదింపు పద్ధతిలో లోపాలు పట్టుకోవడానికి ఆ పాటనే మళ్లీ మళ్లీ విన్నారు. 1990లో డీఎన్ఏ అనే ఇద్దరు ఇంగ్లిష్ నిర్మాతలు ఆ గొంతు కింద ఒక నాట్యలయ పెట్టి, పాట చివర వేగా ఊరికే కూనిరాగంలా తీసిన నాలుగు అక్షరాలను ముందుకు తెచ్చి, పాటంతా తిరిగి తిరిగి వచ్చేలా చేసి, అనుమతి లేకుండానే రికార్డులు కొట్టి క్లబ్బులకు పంచారు. గొంతు మీద మరేమీ రుద్దలేదు. వేగా సంస్థ కోర్టుకు వెళ్లే బదులు ఆ రీమిక్స్ హక్కులు కొని తానే విడుదల చేసింది, బ్రిటన్‌లో అది రెండో స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది వేగా, ఆ పాటకు ఎవరెవరో చేసిన రూపాలను ఏరి కూర్చి ‘టామ్స్ ఆల్బమ్’ పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చారు.