బొమ్మల్ని పిల్లలు ముట్టుకోకుండా చూడండి

మా పాపకి నాలుగున్నరేళ్లు వచ్చేశాయి, ఇంకా ఒక్క వంతెన కూడా కట్టలేదు. ఈ విషయంలో ఇంట్లో నాకు తప్ప ఎవరికీ టెన్షన్ లేదు. అందుకే నిర్మాణపు బొమ్మలు ఎంచే బాధ్యత నా నెత్తినే వేసుకుని, మూడు వారాలు కూర్చుని ఏడు గళ్ల పట్టిక తయారు చేశాను: ముక్కలెన్ని, దేంతో చేశారు, బుర్రలో ఏది పెరుగుతుంది, ఇలా. "పాపకి ఏది ఇష్టమో దానికీ ఒక గడి పెట్టొచ్చుగా" అంది మా ఆవిడ. సీరియస్‌గా పని జరుగుతుంటే మధ్యలోకి పిల్లల్ని లాగడం ఈవిడకి అలవాటు.

చరిత్ర నా పక్షానే ఉంది. కిండర్‌గార్టెన్ అనే మాట పుట్టించిన జర్మన్ పంతులు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1830లలోనే పిల్లల కోసం చెక్క దిమ్మల సెట్లు తయారు చేయించి వాటికి కానుకలు అని పేరు పెట్టాడు. మూడో కానుక ఏమిటయ్యా అంటే రెండంగుళాల ఘనం, విడదీస్తే ఎనిమిది బుల్లి ఘనాలు, అంతే, బ్యాటరీ లేదు, పాట పాడదు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శన తర్వాత ఒక తల్లి ఈ దిమ్మలు తెచ్చి కొడుక్కిచ్చింది. ఆ కొడుకే ఫ్రాంక్ లాయిడ్ రైట్, అమెరికా ఆర్కిటెక్టుల్లో పెద్ద తలకాయ, ఆ దిమ్మల రుణం ముసలితనంలో కూడా ఒప్పుకున్నాడు. ఆయన కొడుకు జాన్ మళ్లీ దుంగలు పేర్చి ఇళ్లు కట్టే బొమ్మ కనిపెట్టాడు. లెక్క తేలిపోయింది కదా, తల్లి దిమ్మలు కొంటే కొడుకు ఆర్కిటెక్టు. మరి అవే దిమ్మలతో ఆడి గుమస్తాలుగా బతికేసిన పిల్లల మాటేమిటని అడక్కండి, వాళ్ల నాన్నలు పట్టిక వేసి ఉండరు.

ఆ మాటకొస్తే ఫ్రాంక్ హార్న్‌బీ కూడా లివర్‌పూల్‌లో గుమస్తానే. కొడుకుల కోసం అరంగుళానికో చిల్లు చొప్పున రేకు పట్టీలు కోసి, నట్లూ బోల్టులూ ఇచ్చి, 1901లో పేటెంటు తీసుకున్నాడు, తర్వాత దానికే మెకానో అని పేరొచ్చింది. చిల్లులన్నీ ఒకే దూరంలో ఉండటం వల్ల ఈ పట్టీ క్రేన్‌కీ పనికొస్తుంది, రేపు విప్పేస్తే వంతెనకీ పనికొస్తుంది, కిటుకంతా అందులోనే ఉంది. కొడుకుల కోసమే చేశాడంటారు గానీ నాకో అనుమానం: ఆ పిల్లల చేతికి రెంచి రాత్రి ఎన్నింటికి అందిందో.

నేను కూడా రేకు పట్టీల క్రేనే ఎంచాను. డబ్బా మీద 9+ అని ఉంది. పాపకి నాలుగున్నర ఉన్నాయి, మిగతా నాలుగున్నర నా వయసులోంచి సర్దుతాను, ఇందులో ఇబ్బందేముంది?

ఇబ్బంది ఇంట్లో ఏడాదిన్నర చిన్నోడి రూపంలో ఉంది, వాడు ప్రపంచాన్ని నోటితోనే పరిశీలిస్తాడు. "మూడేళ్లలోపు పిల్లలకు కాదు" అన్న గుర్తుని నేను మందబుద్ధి పిల్లల తల్లిదండ్రుల కోసం పెట్టారనుకున్నాను. కాదట. దాన్ని తేల్చడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం ఉంటుంది, బొమ్మ ముక్క అందులో పూర్తిగా ఇమిడిపోతే పసివాడి గొంతుకీ అడ్డం పడగలదని లెక్క, తెలివితేటలతో సంబంధం లేదు. అయస్కాంతం ముక్కలు ఇంకా ఘోరం, రెండు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని చిల్లు పెడతాయి. (ఈ రెండు వాక్యాల్లో వ్యంగ్యం లేదు, తర్వాత మళ్లీ మొదలవుతుంది.) మా ఆవిడ క్రేన్ డబ్బా తీసి అటక మీద పెట్టింది, చిన్నోడికి పెద్ద ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చింది. లెగో అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1969లో ఈ పెద్ద సైజు దించినప్పుడు తమ మామూలు ఇటుకకి ప్రతి వైపూ సరిగ్గా రెట్టింపు చేశారు కాబట్టి చిన్నవి వీటి మీద కూర్చుంటాయి, పిల్లాడు పెరిగినా పారేయక్కర్లేదు. పట్టికలో ఈ గడి నేనెందుకు పెట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

క్రేన్ మాత్రం నేను వదల్లేదు. పిల్లలు పడుకున్నాక అటక మీంచి దించి, రెండు రాత్రులు కూర్చుని బిగించాను. పాప చదువు అద్భుతంగా సాగింది. మూడో రోజు పొద్దున పాపని పిలిచి, చేతులు వెనక్కి కట్టుకోమని, కొక్కెం ఎలా లేస్తుందో రెండు సార్లు చూపించాను. "నేను విప్పనా?" అంది. ఇంతింత బొమ్మల్తో పెంచుతుంటే విధ్వంసక బుద్ధి ఎక్కణ్ణించి వస్తుందో పిల్లలకి!

ఇక అమ్మమ్మ ఇచ్చిన చెక్క దిమ్మల సంచీ సంగతి. దాన్ని పట్టికలోకే రానివ్వలేదు, మాన్యువల్ లేని వస్తువుకి మార్కులెలా వేస్తాం? పాప మొదట్లో వాటిని ఆ గదిలోంచి ఈ గదికి మోసేది, మళ్లీ వెనక్కి మోసేది, కూలి కూడా అడగలేదు. న్యూయార్క్‌లో హారియెట్ జాన్సన్ అనే టీచర్ 1930లలోనే ఇదంతా గమనించి వరస రాసిపెట్టింది: ముందు మోస్తారు, తర్వాత వరసలూ గోపురాలూ, ఆపైన రెండింటి మీద ఒకటి పెట్టి వంతెన, తర్వాత చుట్టూ గోడ, ఆ తర్వాత గానీ "ఇది ఇల్లు" అనరు. మా పాప కూడా సరిగ్గా ఆ వరసలోనే పోతోంది. నా వంతెన ఎప్పుడో వచ్చేసింది, నేను క్రేన్ బోల్టు వెతుక్కుంటూ సోఫా కింద ఉన్నప్పుడు. పొడుగు దిమ్మ దొరక్కపోతే రెండు పొట్టివి కలిపి పెడుతోంది కూడా. భిన్నాలు ఇలా నేల మీద దొరికితే వర్క్‌షీట్లు ఏమైపోవాలి?

నిన్న సాయంత్రం చిన్నోడి పెద్ద ఇటుకల్లోంచి పైన ఎనిమిదేసి బొడిపెలున్న ఎర్రవి ఆరు ఏరుకుంది. అలాంటివి ఆరింటిని కలిపే పద్ధతులు పది కోట్ల చిల్లర అని లెగో కంపెనీ చాలాకాలం చెప్పుకుంది, అది ఆరంతస్తుల ఎత్తువే లెక్కేసి. డెన్మార్క్ గణితవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో పొట్టివాటినీ కలిపి లెక్కిస్తే 91,51,03,765 తేలింది. పాప అందులో ఒకటి కట్టి నా ముందు పెట్టింది, కింద వెడల్పుగా, పైన కాస్త ముందుకి వంగి ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"నువ్వే నాన్నా. పుస్తకం చూస్తున్నావు."

రాత్రి నుంచీ మాన్యువల్ తిరగేస్తున్నాను, ఇది ఏ పేజీలో ఉందో దొరకడం లేదు.