పాలమూరైట్

నిన్ననే జరిగింది కాబట్టి చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. ప్రహరీ గోడ కోసం వికారాబాద్ వైపు నుంచి ఒక ట్రాక్టరు నల్లకంకర తెప్పించాను. వానలకు పని ఆగింది. వాన వెలిసిన మూడో రోజు, కుప్పలో ఒక రాయి మీద చక్కెర పలుకులంత నీలి స్ఫటికాలు కనిపించాయి. ఇక నాకు నిద్ర ఎక్కడిది?

రష్యాలోని కమ్చట్కాలో తోల్బాచిక్ అగ్నిపర్వతం మీద దొరికిన పెట్రోవైట్ అనే నీలి ఖనిజాన్ని 2020లో ప్రకటించారని చదివి ఉన్నాను. అందులో రాగి ఉంది, సల్ఫేటు ఉంది. మా కంకర కూడా అగ్నిపర్వతం సంతానమే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కనులో పారిన లావా గడ్డకట్టిన బసాల్టు. అక్కడా లావా, ఇక్కడా లావా. అక్కడా నీలం, ఇక్కడా నీలం. కనిపెట్టినవాడు తన పేరు తానే పెట్టుకోకూడదన్నది ఆనవాయితీ కాబట్టి, త్యాగబుద్ధితో మా ఊరి మీద ‘పాలమూరైట్’ అని ఖాయం చేశాను. మిఠాయి డబ్బాలో దూది పరిచి, పసిగుడ్డును తీసుకెళ్లినట్టు ఖనిజాల సంగతి చూసే ప్రభుత్వ కార్యాలయానికి తీసుకెళ్లాను.

గుమాస్తా తలెత్తకుండానే ఒక దరఖాస్తు తోశాడు. రెండో గడి: ‘ఖనిజం పేరు’. రసాయన కూర్పు, స్ఫటిక నిర్మాణం తేలి, అంతర్జాతీయ ఖనిజ సంఘం ఒప్పుకున్నాకే కొత్తదానికి పేరు అని వివరించాను. “పేరు లేకపోతే నంబరు పడదండీ” అన్నాడు. ఆ లెక్కన నామకరణం కానిదే ఏ బిడ్డా పుట్టకూడదు. గంటన్నర కూర్చోబెట్టాడు.

అధికారి మంచివాడే. భూతద్దం తీసి, “దుమ్ముంది” అంటూ గ్లాసులోని నీళ్లు రాయి మీద వంచారు.

మొదట నీళ్లు నీళ్లలాగే జారాయి. తర్వాత ఆకాశం రంగు. ఆ తర్వాత సిరా. కోట్ల ఏళ్లు ఎండావానలను తట్టుకున్నదని నేను నమ్మిన ఖనిజం సగం గ్లాసు మంచినీళ్లకు కరిగిపోతోంది. ఇలాంటి బల్లలన్నీ ఎందుకో హాజరు పట్టీ వైపే వాలి ఉంటాయి. పాలమూరైట్ తాపీగా అటే పారి, పట్టీ అంచు తాకి, ముగ్గురు ఉద్యోగుల సంతకాలను తనలో కలుపుకుని ముందుకు సాగింది. నేను జేబురుమాలు తీసి అద్దాను. అద్దానా, పులిమానా అన్నది గుమాస్తాకూ నాకూ మధ్య ఇంకా తేలలేదు. రాయి మాత్రం శుభ్రంగా, నల్లగా, ఇంకో లక్ష కంకర రాళ్లలాగే మిగిలింది.

“మీ ఇంట్లో మైలుతుత్తం ఉందా?” అన్నారు అధికారి.

నల్గొండలో బత్తాయి తోట ఉన్న మా బావమరిది కళ్లముందు మెదిలాడు. తెగుళ్లు రాకుండా చెట్ల మొదళ్లకు బోర్డో పేస్టు పూయడానికి కొన్న మైలుతుత్తం, అదే నీలి రాగి సల్ఫేటు, సంచిని “రెండు రోజులే బావా” అని మా మెట్ల కింద పెట్టి నెలయింది. సంచికి చిల్లి. పక్కనే కంకర కుప్ప. పైన వాన.

“ప్రకృతిలో దొరికితే దీన్ని చాల్కాంథైట్ అంటారు. సంచిలోది ఖనిజాల లెక్కలోకి రాదు” అని ఓదార్చారు. ఆ ఓదార్పు నాకు అక్కర్లేదు.

గుమ్మం దాటుతుంటే గుమాస్తా పిలిచాడు. “పేరు తెలిసింది కదండీ, ఆ గడి నింపి వెళ్లండి.” నింపాను.

సాయంత్రం బావమరిది ఫోను. “బావా, రేపు సంచికి వస్తున్నాను. బరువు తగ్గినట్టుందని అక్క అంటోంది. మీరేమైనా వాడారా?”