పుచ్చుకునేవారి సేవలకు గుర్తింపు ఏది?

మొన్న జూన్ 30 అర్ధరాత్రి దాకా నేను మా సేవా క్లబ్బుకు అధ్యక్షుణ్ని. తెల్లారేసరికి తాజా మాజీ అధ్యక్షుణ్నయ్యాను. క్లబ్బుల లెక్కలో ఏడాది జులై ఒకటిన మొదలవుతుంది కాబట్టి, ఆ వారమంతా హన్మకొండ ఫంక్షన్ హాళ్లలో ఎటు చూసినా పదవీ స్వీకారాలే. తాజా మాజీ అంటే పదవి ఊడినవాడని బయటివాళ్లు అనుకుంటారు. కాదు, అదీ పదవే. దానికీ కోటుకు పెట్టుకునే పిన్ను ఉంది, ఫ్లెక్సీలో ఫొటో ఉంది. సైజు కాస్త తగ్గుతుంది, అంతే.

కుర్చీ దిగాక తీరికగా వార్షిక నివేదిక తిరగేస్తుంటే నాకో విషయం తట్టింది. ఏడాది పొడవునా సేవ చేసింది మేము కాదు. మా దగ్గర పుచ్చుకున్నవాళ్లు.

పాఠకులు తొందరపడి నవ్వకండి. సాక్ష్యం ఉంది. కాజీపేట అవతల ఒక వృద్ధాశ్రమంలో పండ్ల పంపిణీ. కార్యక్రమం పొద్దున పదింటికి. ముఖ్య అతిథి పదకొండూ నలభైకి వచ్చారు. అప్పటిదాకా వరండాలో కుర్చీల్లో కూర్చోబెట్టిన ఎనిమిది మంది ముసలివాళ్లు కదల్లేదు. వాళ్లకు నాయకురాలు ఒక అవ్వ. పెనిమిటి ఆజంజాహీ మిల్లులో పని చేసి పోయాడట. మేము బ్యానర్ కట్టడానికి తంటాలు పడుతుంటే ఆమే చెప్పింది: "గా కిటికీ దిక్కు కట్టకు బిడ్డా, ఎండ ఎదురుంగ కొడ్తది, మీ మొకాలు నల్లగ పడ్తయ్." పదిహేనేళ్లుగా ఫొటోలు దిగుతున్న మాలో ఒక్కడికీ ఆ సంగతి తెలియదు.

తర్వాత అవ్వ చేతిలో ఒక బత్తాయి పెట్టాం. అదే బత్తాయిని అధ్యక్షుడు ఇస్తున్నట్టు ఒకటి, కార్యదర్శితో కలిసి ఒకటి, ముఖ్య అతిథి సతీసమేతంగా ఒకటి. ఒక ఫొటోలో ముఖ్య అతిథి కళ్లు మూశారని మళ్లీ ఒకటి. ఇరవై రెండు నిమిషాలు అవ్వ ఆ పండును ఛాతీ ఎత్తున పట్టుకునే ఉంది. చెయ్యి వణికింది గానీ దించలేదు. చివరికి, "అయ్యిందా బిడ్డా? ఇగ తినొచ్చునా?" అని అడిగింది. ఉపాధి హామీ పనిలో అయితే ఈపాటికి ఆమెకు మస్టరు పడేది. మా నివేదికలో మాత్రం ఆమె 'లబ్ధిదారు'. పొద్దున సద్ది తిని వచ్చి, మధ్యాహ్నం బిర్యానీ వేళకు ఇల్లు చేరిన నేను 'సేవకుడు'.

బడిపిల్లలు చేస్తున్న సేవ ఇంకా ఎక్కువ. పరకాల దగ్గర ఒక ఊరి బడిలో నోటు పుస్తకాలు పంచడానికి పోయాం. నాలుగో తరగతి పిల్లగాడు నా ముందుకొచ్చి గంభీరంగా అడిగాడు: "సార్, నవ్వాలెనా, మామూలుగ ఉండాలెనా?" జూన్‌లో మాకన్నా ముందు ముగ్గురొచ్చి పోయారట. ఒకరు నవ్వమన్నారు, ఒకరు వద్దన్నారు. అంత చిన్న వయసులో అంత వృత్తి నిబద్ధత మా కార్యవర్గంలో నేను చూడలేదు. ఆ బడికి ముందురోజు ఫోన్ చేసి "రేపు గవర్నర్ గారు వస్తున్నారు" అన్నందుకు హెడ్మాస్టరు బెంబేలెత్తి, పోలీస్ స్టేషన్‌కు చెప్పాలా, రోడ్డుకు మొరం పోయించాలా అని అడిగాడు. రాష్ట్ర గవర్నర్ కాదు, మా క్లబ్బుల గవర్నర్ అని నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది. పొద్దున మేము దిగేసరికి గేటు దగ్గర బ్యాండు మేళం సిద్ధంగా ఉంది. వద్దనబుద్ధి కాలేదు.

ఫ్లెక్సీల మీద కొందరికి చిన్నచూపు. వాళ్లు ఓరుగల్లు చరిత్ర చదవాలి. 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించాడు, దాని ముచ్చట శాసనంగా చెక్కించాడు. దానం చేసినవాడు చెప్పుకోవడం ఈ నేల మీద ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి ఆచారం. తేడా ఒక్కటే. ఆయన ముందు గుడి కట్టి తర్వాత శాసనం వేయించాడు. మేము ముందు ఫ్లెక్సీ కొట్టించి, అందులో ఏం రాశామో చూసుకుని దానికి తగ్గ సేవ వెతుక్కుంటాం. నిరుడు ఫ్లెక్సీలో పొరపాటున 'దుప్పట్ల పంపిణీ' అని పడింది. మే నెల. నలభై మూడు డిగ్రీలు. పంచాం. పుచ్చుకున్నవాళ్లు కప్పుకుని చూపించారు కూడా. దీన్ని సేవ అనకపోతే ఇంకేమంటారు?

చలివేంద్రం సంగతి పెద్దగా చెప్పేది లేదు. రిబ్బన్ కత్తిరించిన నాడు మూడు రంజన్లలోనూ నీళ్లున్నాయి.

ఈ క్లబ్బుల వంశవృక్షం అంతా చికాగోలో మొలిచింది. 1905లో పాల్ హారిస్ అనే వకీలు రోటరీ పెట్టాడు, 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ ఆయన లయన్స్ మొదలుపెట్టాడు. వెయ్యి డాలర్లు ఇస్తే ఆ స్థాపకుల పేరిట 'ఫెలో' అని బిరుదిచ్చి పిన్ను పెట్టే పద్ధతి రెండు చోట్లా ఉంది. లయన్స్‌లో అయితే టెయిల్ ట్విస్టర్ అని, అంటే తోక మెలిపెట్టేవాడని ఒక పదవే ఉంది. మీటింగులో సరదా జరిమానాలు వసూలు చేయడం ఆయన పని. మా క్లబ్బు అంత పెద్దది కాదు గనుక మా తోకలు కోశాధికారే చూసుకుంటాడు. వాళ్లు ఉత్త పిన్నుల మీదే కాలం గడిపారని నేననను. 1985లో రోటరీ పోలియో వెంట పడింది, ప్రభుత్వమూ డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ కూడా ఉన్నాయి, 2014లో మన దేశానికి పోలియో పోయిందని పట్టా వచ్చింది. 1925లో చూపూ వినికిడీ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి, చూపులేనివాళ్ల పక్షాన నిలబడండని అడిగింది. ఆ మాట ఈ మధ్యే చెవిన పడ్డట్టు ప్రవర్తించేవాడు మా క్లబ్బులోనూ ఒకడున్నాడు.

అతని గురించి చెప్పక తప్పదు, క్లబ్బు ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. బియ్యం దుకాణం. ఏ రాత్రి ఎవరింట్లో చావు కబురు విన్నా అక్కడ తేలతాడు. ఏడుస్తున్నవాళ్ల దగ్గర కాసేపు మాట్లాడకుండా కూర్చుని, తర్వాత మెల్లగా కళ్ల సంగతి ఎత్తుతాడు. సరే అంటే చాలు, ఫ్యాను ఆపిస్తాడు, తల కింద దిండు పెట్టిస్తాడు, మూసిన రెప్పల మీద తడి దూది వేయిస్తాడు, ఐ బ్యాంకు వాళ్లను స్కూటరు మీద ఎక్కించుకుని వస్తాడు. ఆరు గంటల లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, తీయాలట. అంతా రాత్రిపూట, బ్యానర్ లేదు, ముఖ్య అతిథి లేడు, పుచ్చుకునేవాళ్లు ఎవరో కూడా తెలియదు. ఫొటో అడిగితే "శవం ముందర ఫొటో ఏందన్నా" అంటాడు. ఫొటో జతచేయని కార్యక్రమాన్ని నివేదికలో ఎక్కించే వీల్లేదు. అందుచేత మా రికార్డుల ప్రకారం అతను ఆరేళ్లుగా ఏ సేవా చేయలేదు. హాజరు కూడా తక్కువే. సభ్యత్వం తీసేద్దామా అని ఒకసారి చర్చకొచ్చింది. భోజనాలు చల్లారిపోతున్నాయని వాయిదా వేశాం.

సరే, అసలు విషయం. జులై మొదటి మీటింగులో నేనొక తీర్మానం పెట్టాను. ఇకమీదట ఇచ్చేవారికి కాదు, పుచ్చుకునేవారికి సన్మానం జరగాలి. కార్యదర్శి నొచ్చుకున్నాడు. "వాళ్లను సన్మానిస్తే పక్కన మనం నిలబడతాం కదా" అన్నాను. వెంటనే ఏకగ్రీవమైంది.

ఏమివ్వాలన్నది తేలడానికి మాత్రం గంట పట్టింది. దర్రీ ఇద్దామన్నాను. మన కొత్తవాడ నేతది, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు, ముసలిప్రాణానికి కింద పరుచుకోను పనికొస్తుంది. కోశాధికారి ఒప్పుకోలేదు. దర్రీ మెడలో వేయలేం, పైగా పరుచుకుని పడుకుంటే వాడకమైపోతుంది. శాలువా అయితే ఆ ఇబ్బంది లేదు. మా క్లబ్బు బీరువాలో నాలుగు శాలువాలున్నాయి. వాటితోనే పోయినేడు అరవై ఒక్క సన్మానాలు చేశాం. కప్పించుకున్న పెద్దమనిషి భోజనాల వేళకు మడతపెట్టి తిరిగి ఇచ్చేయడం మా దగ్గర మర్యాద.

ఆదివారం వృద్ధాశ్రమానికి పోయాం. 'ఉత్తమ లబ్ధిదారు' అని పెద్దక్షరాలతో ఫ్లెక్సీ. ఈసారి కిటికీ దిక్కు కట్టలేదు. కొత్త అధ్యక్షుడు మాట్లాడాడు, నేను మాట్లాడాను, గవర్నర్ గారి సందేశం చదివాం. మెరూన్ రంగు శాలువా అవ్వ భుజాల మీద కప్పాం. తొమ్మిది ఫొటోలు.

కెమెరా అబ్బాయి "అయింది సార్" అన్నాడో లేదో, అవ్వ శాలువా తీసి, ఒళ్లో పెట్టుకుని, అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి కోశాధికారి చేతిలో పెట్టింది.

"పోయినసారి వచ్చినోళ్లు గిట్లనే అడిగిండ్లు బిడ్డా" అంది.

కోశాధికారి అందుకుని సంచిలో వేసుకున్నాడు. మర్నాడు పదింటికి సుబేదారిలో ఇంకో సన్మానం ఉంది.